నా ముఖం చెప్పిన అబద్ధం

నర్సీపట్నం ప్రభుత్వ ఆసుపత్రికి నేను జనరల్ మెడిసిన్ వైద్యుడిగా బదిలీ అయి వచ్చింది కోవిడ్ సద్దుమణిగిన తరువాత. హోదా సివిల్ సర్జన్. మా శాఖలో అసిస్టెంట్ సర్జన్‌గా చేరినవాడు ఆ మెట్టు చేరేసరికి ఉద్యోగం చివరికొస్తుంది. నాకూ అదే చివరి పోస్టింగు. ఇప్పుడు చెప్పబోయేది గత సార్వత్రిక ఎన్నికల వేసవిలో జరిగింది.

నా ఓపీలో సగం పైగా షుగర్, బీపీ రోగులే. నాతవరం, కోటవురట్ల వైపు నుంచి షేర్ ఆటోల్లో వచ్చి, చీటీ తీసుకుని, మాత్రలతో మధ్యాహ్నానికి తిరిగి వెళ్లిపోయేవారు. నెలనెలా చూస్తున్నవాళ్లు కనుక నా మాట మీద వాళ్లకు గురి ఉండేది. ఆ మధ్య స్థానిక కేబుల్ ఛానల్ వాళ్లు అడిగితే షుగర్ జాగ్రత్తల గురించి కాసేపు మాట్లాడాను. దానివల్ల బజారులో కూడా నన్ను గుర్తుపట్టేవాళ్లు పెరిగారు.

ఎన్నికల ప్రచారం జోరుగా సాగుతుండగా, ఒక ఉదయం ఓపీ మొదలవుతూనే నాతవరం మండలం నుంచి నూకరత్నం అనే ఆవిడను ఆటోలోంచి చేతుల మీద దించారు. వయసు నలభై దాటింది. ఆమెది మాత్రలకు లొంగే షుగర్ కాదు. క్లోమంలో రాళ్లు పడి, ఇన్సులిన్ తయారుచేసే శక్తి పోయింది. రోజూ సూది పడాల్సిందే. నాలుగేళ్లుగా ఒక్క పూటా తప్పకుండా తనే వేసుకుంటున్న మనిషి. ఆ రోజు మాత్రం కళ్లు తెరవలేకపోతోంది. ఊపిరి లోతుగా, వేగంగా తీస్తోంది. నోటి నుంచి మాగిన పండు వాసన వస్తోంది. ఇన్సులిన్ లేనప్పుడు శరీరం చక్కెరను వాడుకోలేక కొవ్వును కరిగించుకుంటుంది. అప్పుడు పుట్టే ఆమ్లాలు రక్తంలో పేరుకుంటే మనిషి ఇలాగే అవుతాడు. ఆలస్యమైతే ప్రాణం పోతుంది.

సెలైన్ ఎక్కిస్తూ, సూది ఎప్పుడు మానేసిందని ఆమె భర్త అప్పలనాయుడిని అడిగాను. ఆయన చెరకు రైతు, నిదానస్తుడు. నా వైపు వింతగా చూశాడు.

“మీరే సెప్పేరు కదండీ, సూదులాపెయ్యమని,” అన్నాడు.

నేనెప్పుడు చెప్పానని అడిగితే జేబులోంచి ఫోన్ తీసి చూపించాడు.

అందులో ఉన్నది నేనే. నా కళ్లజోడు, నా నెరిసిన మీసం, నా గొంతు. ఇన్నాళ్లూ రోగులకు నిజం చెప్పలేకపోయానని, ఇన్సులిన్ మూత్రపిండాలను తినేస్తుందని, మన్యంలో దొరికే ఒక వేరు పొడి పరగడుపున తాగితే షుగర్ శాశ్వతంగా పోతుందని ఆ ‘నేను’ చెబుతున్నాడు. పొడి కోసం కింద ఒక ఫోన్ నంబరు. ఆ తరువాతి ముక్క రాజకీయం. ప్రభుత్వ మాత్రల్లో మందు తగ్గించి సున్నం కలుపుతున్నారని, ఎవరికి ఓటేయాలో మీరే ఆలోచించుకోండని ముగించాడు. రెండు ముక్కలను వేర్వేరు చేతులు అతికించినట్టు అనిపించింది. ఎవరో నా కేబుల్ ప్రసంగం తీసుకుని, కృత్రిమ మేధతో నా పెదవులకు కొత్త మాటలు తొడిగారు. కాస్త పట్టి చూస్తే తేడా తెలుస్తుంది. ఆ మనిషి ప్రతిసారీ ‘మధుమేహం’ అన్నాడు. నేను ఓపీలో ఏనాడూ ఆ మాట వాడలేదు, షుగర్ అనే అంటాను. కానీ అంత పట్టి చూసేదెవరు?

అది నేను కాదని అప్పలనాయుడికి చెప్పాను. ఆయన ఫోన్ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు వాదించే తీరిక నాకు లేదు. ఆమెకు ఇన్సులిన్ డ్రిప్ పెట్టాలి, పొటాషియం పడిపోకుండా చూసుకోవాలి. అది పడిపోతే గుండె ఆగుతుంది. ఆ పని చేస్తున్నంతసేపూ చేతులు వాటి దారిన అవి నడిచాయి గానీ, బుర్ర మాత్రం ఇంకెంతమంది సూది మానేశారోనని లెక్క తెలియక కొట్టుకుంటూనే ఉంది.

ఇంటికి వెళ్లేసరికి మా ఆవిడకూ ఆ వీడియో చేరింది. “ఇది ఎప్పుడు చేశారండీ?” అని అడిగింది. ముప్పై ఏళ్లు కాపురం చేసిన మనిషే పోల్చుకోలేకపోయిందంటే, రోగులను ఏమనాలి?

మరునాడు సైబర్ నేరాల విభాగానికి ఫిర్యాదు ఇచ్చాను. ఎన్నికల కోడ్ అమల్లో ఉంది కనుక, ప్రభుత్వ ఉద్యోగి రాజకీయం మాట్లాడాడన్న ఆరోపణపై సంజాయిషీ కోరుతూ నాకు మెమో వచ్చింది. అది పద్ధతి ప్రకారం వచ్చేదే. ఆధారాలతో జవాబు రాశాను, దాన్ని ఆమోదించారు. ఈలోగా రెండు పార్టీల మనుషులూ వచ్చి వెళ్లారు. ఇది అవతలివాళ్ల పనేనని కెమెరా ముందు చెప్పమని ఒకరు అడిగారు. మాత్రల సంగతి నిజమే అయితే భయపడకుండా నిలబడమని, తాము వెనకుంటామని మరొకరు ధైర్యం చెప్పారు. ఎవరు చేశారో నాకు తెలియదని ఇద్దరికీ ఒకే జవాబిచ్చాను. ఇద్దరూ నన్ను అవతలి పార్టీ మనిషి కిందే జమకట్టి వెళ్లిపోయారు.

సూపరింటెండెంట్ గారి అనుమతితో, ఆ వీడియో బూటకమని, ఎవరూ ఇన్సులిన్ మానవద్దని చెబుతూ నేనే ఒక వీడియో చేశాను. అది మరో చిక్కు తెచ్చింది. డాక్టర్ని బెదిరించి మాట మార్పించారని కొందరు, ఈ రెండోదే దొంగ వీడియో అని కొందరు ప్రచారం చేశారు. నా ముఖాన్ని నా ముఖమే ఖండిస్తుంటే చూసేవాడు దేన్ని నమ్మాలి? ఫోన్ ద్వారా వెళ్లిన విషాన్ని ఫోన్ ద్వారానే దించడం కుదరదని అప్పటికి అర్థమైంది.

కోడ్ వల్ల సభ పెట్టడానికి లేదు. అందుకని ఏఎన్ఎంలు, అంటే ఊళ్లలో తిరిగే ఆరోగ్య కార్యకర్తలు, మామూలుగా జరిపే పరీక్షలకు వాళ్లతో కలిసి వెళ్లడం మొదలుపెట్టాను. ఎండ మండిపోతోంది. నాతవరం దగ్గర ఒక ఊళ్లో, చాలా కాలంగా నా దగ్గర మందులు వాడుతున్న సన్యాసిరావు గారనే పెద్దాయన పరీక్షకు చెయ్యి చాపలేదు. నన్ను తేరిపార చూశారు.

“మావిడిపండు తినొద్దని మీరన్నప్పుడు నానేటన్నానో సెప్పండి,” అన్నారు.

“చెట్టు నాది, వద్దనడానికి మీరెవరన్నారు,” అన్నాను.

ఆయన నవ్వలేదు. చొక్కా చెయ్యి పైకి మడిచి, బీపీ చూడమని ముందుకు చాపారు. సూది మానేశానని అప్పుడు చెప్పారు. చూస్తే షుగర్ బాగా పెరిగి ఉంది. మళ్లీ మొదలుపెట్టించాం. అదే ఊళ్లో ఇంకొక ఆవిడ కూడా అలాగే ఏదో పాత మాట అడిగింది. నాకు గుర్తు రాలేదు. ఎంత చెప్పినా వినకుండా మందు తీసుకోకుండానే వెళ్లిపోయింది. ఏఎన్ఎం తరువాత రెండుసార్లు ఆ ఇంటికి వెళ్లినా తలుపు తీయలేదట. ఆవిడ ఏమైందో తెలిసేలోపే నేను రిటైరయ్యాను. ఓపీలో వేల మందిని చూసిన నాకు, గుర్తుపట్టలేకపోయిన ఆ ముఖమే ఇప్పటికీ మనసులో మెదులుతుంటుంది.

నూకరత్నం బతికింది. ఎన్నికలు ముగిసి, ఫలితాలు కూడా వచ్చిన తరువాత భార్యాభర్తలిద్దరూ పరీక్షకు వచ్చారు. ఆవిడ తేరుకుంది, ఒళ్లు కాస్త నిండింది. సూది మానొద్దని నేను మళ్లీ చెప్పబోతుంటే, “ఇంకెవులు సెప్పినా మాననండి. మీరొచ్చి సెప్పినా మానను,” అంది. ఆ మాట నాకు మంచిదే అనిపించింది.

అప్పలనాయుడు మాత్రం వెళ్లబోతూ ఆగాడు. పొడి మాట, సూది మాట పచ్చి అబద్ధమని తనకిప్పుడు తెలిసిందన్నాడు. “కానండీ, మాత్రల్లో సున్నం కలిపేరన్నది మాత్రం నిజమేనండి.”

రెండూ ఒకే వీడియోలో, ఒకే దొంగ నోటి నుంచి వచ్చినవే కదా, ఒకటి అబద్ధమైతే రెండోది నిజమెలా అవుతుందని అడిగాను.

“అది మాకు ముందే తెలుసు కదండీ,” అన్నాడు నిదానంగా.

ఆయన ఏ పార్టీకి తిరిగేవాడో నేను అడగలేదు. అడగాల్సిన అవసరం కూడా కనబడలేదు. భార్య చావు అంచుల దాకా వెళ్లొచ్చాక సూది గురించిన అబద్ధాన్ని వదులుకున్నాడు. తన నమ్మకానికి సరిపోయిన అబద్ధం జోలికి ఏ అనుభవమూ వెళ్లలేదు, కనుక అది అలాగే మిగిలిపోయింది. వీడియో చేసినవాళ్లు నేను ఉద్యోగంలో ఉండగా దొరకలేదు.

ఆ తరువాత ఉన్న కొద్ది నెలలూ ఓపీలో ఒక పద్ధతి పాటించాను. మందు రాసే ముందు, మీరు ఈ మధ్య ఏం చూశారు, ఏం విన్నారు అని ప్రతి రోగినీ అడిగేవాడిని. దానివల్ల చూసే రోగుల సంఖ్య తగ్గింది, వరస పెరిగింది, విసుక్కున్నవాళ్లూ ఉన్నారు. అబద్ధమని కొట్టిపారేసే ముందు, అది ఆ మనిషిలో అంతకుముందే ఉన్న ఏ భయాన్ని, ఏ కోపాన్ని పట్టుకుని లోపలికి వెళ్లిందో తెలుసుకోవాలి. జ్వరం చూసినప్పుడు కారణం వెతకమని మాకు చదువులో నేర్పారు. నమ్మకం విషయంలోనూ అదే చేయాలని ఆ వేసవిలో తెలిసింది. తెలిసినా అన్నిసార్లూ నయం కాలేదు.