సామాన్యుడు కాటా అబ్బులు

తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్టులో కాటా వేసే అబ్బులు పేరు రాష్ట్రంలో ఎవరికీ తెలియదు గానీ, మొహం మాత్రం అందరికీ తెలుసు. పెట్రోలు ధర పెరిగితే టీవీలో అబ్బులు కనిపిస్తాడు. ఉల్లి ధర పెరిగితే సరేసరి. వానలు ఎక్కువైనా, అసలు పడకపోయినా, బస్సు చార్జీలు పెంచినా, ఎండలు మండిపోయినా, ఉల్లి బస్తాల ముందు నిలబడి తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ మాట్లాడేది అతనే. కింద పేరు వెయ్యరు. 'సామాన్యుడు' అని మాత్రం వేస్తారు.

ఈ హోదా అతనికి ఎవరూ కట్టబెట్టలేదు, తనే సంపాదించుకున్నాడు. చాలా ఏళ్ల కిందట ఏలూరు నుంచి ఒక టీవీ విలేకరి వచ్చి మైకు పట్టుకుని మార్కెట్టంతా తిరిగాడు. వ్యాపారులు మొహం చాటేశారు. హమాలీలు నవ్వేసి ఊరుకున్నారు. అబ్బులు కాటా మీంచి బస్తా దింపించి, నెమ్మదిగా మైకు దగ్గరికి వచ్చి, "మాలాంటోళ్లం ఎలా బతకాలండీ?" అన్నాడు. అంతకు మించి ఒక్క మాట మాట్లాడలేదు. టీవీ వాళ్లకు కావలసింది సరిగ్గా అంతే.

నిజానికి అబ్బులు బతుక్కి వచ్చిన లోటేమీ లేదు. సొంత డాబా ఉంది, పడగ్గదిలో ఏసీ ఉంది, ఏడాదికోసారి ద్వారకా తిరుమల వెళ్లొచ్చే మొక్కూ తప్పదు. కానీ సామాన్యుడికి ఏసీ ఉంటే చూసేవాళ్లకు బాగుండదని అతనికి తెలుసు. అందుకని కాలరు చిరిగిన గళ్ల చొక్కా ఒకటి మార్కెట్టులో మేకుకి తగిలించి ఉంచేవాడు. విలేకరి బండి గేటు దాటుతుండగానే మంచి చొక్కా విప్పి అది తొడుక్కునేవాడు. అతని భార్య శేషారత్నం ఆ చొక్కాను అంట్లగుడ్డగా మార్చాలని ఎన్నోసార్లు చూసింది. ఇంట్లో ఉంచితే దక్కదనే కదా అతను దాన్ని మార్కెట్టులో మేకెక్కించింది.

ఇంకో రహస్యం కూడా అతనికి తెలుసు. మనం పది నిమిషాలు మాట్లాడినా టీవీ వాళ్లు ఉంచుకునేది ఒక్క మాటే, మిగతాదంతా కోసి పారేస్తారు. కాబట్టి వాళ్లు ఏది ఉంచుకుంటారో ముందే కనిపెట్టి, అది కాస్త కళ్లు చెమ్మగిల్లేలా అనేస్తే మిగతాది ఏమన్నా ఫరవాలేదు. ఈ విద్యలో అబ్బులు ఆరితేరాడు. చివరికి అదే అతని కొంప ముంచింది.

జనవరిలో ఒకరోజు ఆ విలేకరి ఫణికిరణ్ ఫోను చేశాడు.

"అబ్బులుగారూ, రిపబ్లిక్ డేకి స్పెషల్ ప్రోగ్రాం చేస్తున్నామండీ. రాజ్యాంగం, చరిత్ర, ఎకనామిక్సు... సామాన్య జనానికి ఎంత తెలుసో పరీక్ష పెడతాం. మీరు లేకపోతే ఎలాగండీ?"

"దాందేముంది బాబూ, రండి" అనేశాడు అబ్బులు. ఫోను పెట్టేశాక గానీ అసలు సంగతి తట్టలేదు. అభిప్రాయం అడిగితే ఎంతైనా చెప్పగలడు. జవాబు అడిగితే ఎక్కణ్ణుంచి తెస్తాడు? అతను చదివింది ఐదో తరగతి. అందులోనూ సాంఘిక శాస్త్రం మేష్టారు కనిపిస్తే గోడ దూకినవాడు.

రాత్రి అన్నం తింటూ ఆ మాట భార్యతో అన్నాడు. శేషారత్నం వడ్డిస్తున్న గరిటె గాల్లోనే ఆగిపోయింది.

ఆమె పుట్టిల్లు పెదవేగి. పదో తరగతి ఫస్టు క్లాసులో పాసై, టీచరు ట్రైనింగుకి దరఖాస్తు కూడా పెట్టింది. పెళ్లయ్యాక చదువుకోవచ్చన్నాడు తండ్రి. పిల్లలు కాస్త పెద్దవాళ్లయ్యాక చూద్దామంది అత్తగారు. పిల్లలు పెద్దవాళ్లై వాళ్ల వాళ్ల ఇళ్లలో పడ్డారు గానీ ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడామె వీధిలో డ్వాక్రా గ్రూపుకి లీడరు. లెక్కలు గట్టిగా చూస్తుందని పేరుంది. కానీ ఒక్కరికైనా పాఠం చెప్పాలన్న కోరిక ఆమె గుండెలో అలాగే ఉండిపోయింది. అలాంటి మనిషి ముందుకి ఐదో తరగతి మొగుడు తనంతట తానే వచ్చి కూర్చున్నాడు.

"రేపటి నుంచి పొద్దున్నే నాలుగున్నరకి లేవాలండీ" అంది.

పాఠాలు వంటింట్లో మొదలయ్యాయి. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెబితే అబ్బులు బుర్రకి ఎక్కలేదు. రెండు రోజులు ఓపిక పట్టి శేషారత్నం దారి మార్చింది.

"రాజ్యాంగాన్ని ఆమోదించింది నలభై తొమ్మిది నవంబరు ఇరవై ఆరున. అమల్లోకి వచ్చింది యాభై జనవరి ఇరవై ఆరున. ఏది ముందు, ఏది తర్వాత?"

"రెండూ ఇరవై ఆరే కదే, ఏదైతే ఏంటి?"

"మనకి తాంబూలాలు ఎప్పుడయ్యాయి, కాపురం ఎప్పుడు మొదలైంది? రెండూ ఒకటేనా? నవంబరులో తాంబూలాలు, జనవరిలో కాపురం. అలా గుర్తు పెట్టుకోండి."

అది నాటుకుంది. రాజ్యసభ ఎప్పటికీ రద్దు కాదని, మూడోవంతు సభ్యులు రెండేళ్లకోసారి దిగిపోతే కొత్తవాళ్లు వస్తారని చెప్పడానికి, "అది షట్టరు పడని కొట్టండీ. పనివాళ్లు మారతారు గానీ కొట్టు మూయరు" అంది. తూర్పు చాళుక్యుల రాజధాని వేంగి, అంటే ఇప్పటి పెదవేగి అని చెబితే అబ్బులు నోరు తెరిచాడు.

"మీ ఊరా! పామాయిలు తోటలు తప్ప అక్కడేముందే? నీకు రాజుల పోకడ ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పటికి తెలిసింది."

"రాజధాని ఏదంటే అత్తారూరు అనుకోండి, చాలు" అంది, నవ్వు దాచుకోకుండా.

ద్రవ్యోల్బణం దగ్గర బండి మళ్లీ ఆగింది. సరుకు అంతే ఉండి డబ్బు ఎక్కువైతే ధరలు పెరుగుతాయని నాలుగు రకాలుగా చెప్పింది. అబ్బులు తలూపాడు గానీ ఆ ఊపులో తెలిసిన జాడ లేదు. ఆ పూట కొల్లేటి కొర్రమీను పులుసు పెట్టింది. సరైన జవాబుకి ఒక ముక్క, తప్పుకి ఒట్టి పులుసు. అదీ ఆమె పెట్టిన రూలు. గిన్నె ఎదురుగా పెట్టుకుని, చెంబుడు నీళ్లు అందులో వంచేసింది. అబ్బులు కెవ్వుమన్నాడు.

"ఇప్పుడు గిన్నె నిండింది కదండీ. ముక్కలు పెరిగాయా?"

"ముక్కలెలా పెరుగుతాయే, రుచి కూడా చచ్చిపోయింది!"

"అదే ద్రవ్యోల్బణం."

ఆ దెబ్బతో అబ్బులు ఆ మాట జన్మలో మరిచిపోడు.

పరీక్ష రోజు వచ్చింది. అబ్బులు గళ్ల చొక్కా తొడుక్కుని, బస్తాల ముందు నిలబడి, ఫణికిరణ్ అడిగినవాటికన్నిటికీ తడుముకోకుండా జవాబు చెప్పాడు. ఆమోదం, అమలు, రాజ్యసభ, వేంగి, ద్రవ్యోల్బణం, అన్నీ పుస్తకం భాషలోనే అప్పజెప్పాడు. చుట్టూ చేరిన హమాలీలు చప్పట్లు కొట్టారు. కాకపోతే మొదటి ప్రశ్న వినగానే, పాత అలవాటు కొద్దీ, తల గోక్కుని, "చదువు లేనోళ్లం, మాకేం తెలుస్తాయి బాబూ" అని ఒక్క మాట ముందుగా వదిలాడు. అందం కోసం అన్నాడంతే.

రిపబ్లిక్ డే నాడు శేషారత్నం గ్రూపు ఆడవాళ్లందరినీ ఇంటికి పిలిచింది. జంతికలు వండింది. హాల్లో చాపలు పరిచి, టీవీ పెట్టి, కొత్త చీర కట్టుకుని కూర్చుంది. ప్రోగ్రాం మొదలైంది. ఒకాయన పార్లమెంటు హైదరాబాదులో ఉందన్నాడు. ఇంకొకాయన ద్రవ్యోల్బణం రొయ్యల చెరువులో చల్లే మందన్నాడు. హాలంతా నవ్వులే. తర్వాత అబ్బులు వచ్చాడు. తల గోక్కున్నాడు. "చదువు లేనోళ్లం, మాకేం తెలుస్తాయి బాబూ" అన్నాడు. బుర్ర మీద డప్పు కొట్టినట్టు ఒక చప్పుడు వేసి, తెర మీద ఇంకో మనిషిని చూపించారు. అబ్బులు పరీక్ష అంతటితో అయిపోయింది.

ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "అన్నయ్యగారు కంగారు పడి ఉంటారు లెండి వదినా" అంది ఒకావిడ, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని. జంతికలు సగం పైగా మిగిలిపోయాయి.

అబ్బులు భార్య వెనకాలే వంటింట్లోకి పరిగెత్తాడు. "అన్నీ చెప్పాను రత్నం, నీ మీద ఒట్టు. కోసేశారు!"

"మీదేముంది లెండి" అంది శేషారత్నం మెత్తగా. "చెప్పేవాళ్లకి చెప్పడం రాకపోతే నేర్చుకునేవాళ్లు ఏం చేస్తారు?"

తిట్టినా బాగుండేది. ఆమె నమ్మలేదు. తనకు దొరికిన ఒకే ఒక్క విద్యార్థి రాష్ట్రమంతా చూస్తుండగా తప్పాడని, అందుకు తన చదువే చాలలేదని ఆమె తీర్మానించుకుంది. ఆ పూట నుంచి ఇంట్లో చారూ అన్నమే. నాలుగున్నరకి ఎవరూ లేపడం లేదు. అయినా అబ్బులుకి ఆ వేళకి మెలకువ వచ్చేసేది. చీకట్లో కళ్లు తెరుచుకుని తాంబూలాలు, కాపురం, షట్టరు అని లోలోపలే అప్పజెప్పుకునేవాడు. ఇన్నేళ్లుగా కోతలు తెలిసినవాణ్ణని మురిసిపోయినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఫణికిరణ్‌కి ఫోను చేసి నిలదీశాడు.

"మీరు అన్నీ కరెక్టుగా చెప్పేస్తే ఎలాగండీ?" అన్నాడు అతను, తప్పంతా అబ్బులుదే అయినట్టు. "సామాన్యుడికి తెలియదని చూపించడానికే కదా ప్రోగ్రాం. పోన్లెండి, ఒకటో తారీఖున బడ్జెట్టు ఉంది. మిమ్మల్నే తీసుకుంటాం. లైవండీ."

"లైవంటే కోత ఉండదా బాబూ?"

"జరుగుతుండగానే వెళ్లిపోతుంటే ఎలా కోస్తారండీ?"

సరే వస్తానన్నాడు అబ్బులు.

ఒకటో తారీఖున గళ్ల చొక్కాను మేకు మీదే వదిలేసి, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాతో వచ్చాడు. "ఆ చొక్కా ఏదండీ?" అని ఫణికిరణ్ గోల పెట్టాడు గానీ అప్పటికే చెవిలో స్టూడియో పిలుపు వచ్చేసింది. కెమెరా మీద ఎర్ర దీపం వెలిగింది.

"చెప్పండి, ఈ బడ్జెట్టులో సామాన్యుడికి ఒరిగిందేమిటి?"

అబ్బులు గుండె నిండా ఊపిరి పీల్చుకున్నాడు. జవాబులన్నీ వరసగా చెప్పేద్దామని రాత్రంతా కూడగట్టుకున్నాడు. తీరా నోరు తెరిచేసరికి పుస్తకం మాటలు ఒక్కటీ మిగల్లేదు. వంటింట్లో విన్నవే తన్నుకొచ్చాయి.

"నవంబరులో తాంబూలాలు, జనవరిలో కాపురం!" అన్నాడు గట్టిగా.

ఫణికిరణ్ కళ్లు తేలేశాడు.

"అది షట్టరు పడని కొట్టండీ! పనివాళ్లు మారతారు గానీ కొట్టు మూయరు! రాజధాని మా అత్తారూరు! పులుసులో నీళ్లు పోసినంత మాత్రాన ముక్కలు పెరగవండీ, ఎంత పోసినా పెరగవు!" ఇంతలో మైకు వెనక్కి పోతుంటే, దాన్ని రెండు చేతులా పట్టుకుని, "ఇవన్నీ మా ఇంటావిడ శేషారత్నం చెప్పిన పాఠాలండీ! ఆవిడ చెప్పడంలో లోపం లేదండీ!" అని అరిచాడు.

స్టూడియోలో కూర్చున్న పెద్దమనుషులకి పూనకం వచ్చింది. పులుసు మాట బడ్జెట్టు మీద ఇంతవరకూ వచ్చిన విమర్శల్లోకెల్లా పదునైనదని ఒకాయన మెచ్చుకున్నాడు. కాదు, సామాన్యుడు తన అత్తగారి ఊళ్లో రాజధాని కావాలని అడగడం ప్రమాదకరమైన ధోరణి అని ఇంకొకాయన బల్ల గుద్దాడు. షట్టరు పడని కొట్టు ఏ పార్టీయో తేలక ఇద్దరూ కొట్టుకున్నారు. మార్కెట్టులో జనం కింద పడి నవ్వారు. ఫణికిరణ్ వైర్లు చుట్టుకుంటూ, "మీతో మాకు ఇంక కుదరదండీ అబ్బులుగారూ" అని చెప్పేసి, గోనెసంచులు అమ్మే వెంకట్రాజు మొహంలో సామాన్యుడి పోలికలు ఉన్నాయేమోనని అటు వెళ్లాడు. అబ్బులు గళ్ల చొక్కా మేకు మీంచి తీసి, వెళ్లి వెంకట్రాజుకి ఇచ్చేశాడు.

ఇల్లు దగ్గరవుతున్న కొద్దీ అతని నడక నెమ్మదించింది. చెప్పాల్సినవి చెప్పలేకపోయాడు. పైగా భార్య పేరు కూడా బయట పెట్టేశాడు. ఒకసారి నవ్వులపాలు చేసింది చాలక, రెండోసారి పేరుతో సహా చేశాడు. ఇవాళ ఇంట్లో ఆమె డ్వాక్రా మీటింగు ఉన్న సంగతి గుమ్మంలో వరసగా చెప్పులు చూసేదాకా అతనికి గుర్తే లేదు.

హాల్లో ఆడవాళ్లు చాపల మీద కూర్చున్నారు. టీవీలో చప్పుడు లేకుండా అబ్బులు మళ్లీ మళ్లీ నోరు తెరుస్తున్నాడు. దాని పక్కన శేషారత్నం గరిటె పట్టుకుని నిలబడింది.

"తాంబూలాలంటే ఆమోదం. కాపురమంటే అమలు. అందరూ చెప్పండి."

అందరూ చెప్పారు.

"మరి ఆ షట్టరు సంగతేంటి వదినా?" అని అడిగింది మొన్న కొంగు అడ్డం పెట్టుకున్నావిడ.

"రాజ్యసభ. అది రద్దవదు. ఆయన సరిగ్గానే చెప్పారు. అన్నీ సరిగ్గానే చెప్పారు" అంది శేషారత్నం. "ఆ స్టూడియోలో ఉన్నవాళ్లకే పాఠం రాదు."

అప్పుడు గుమ్మంలో నిలబడ్డ మనిషి ఆమె కంటపడ్డాడు. మొహంలో ఏమీ కనిపించనివ్వకుండా, "ఆలస్యంగా వచ్చినవాళ్లు వెనకాల కూర్చోవాలండీ" అంది.

అబ్బులు గుమ్మం లోపల, ఆఖరి చాప చివర బుద్ధిగా కూర్చున్నాడు. ఆడవాళ్లంతా వెనక్కి తిరిగి చూశారు.

"రాజ్యసభ సభ్యుడి పదవీకాలం ఎంత?" గరిటె అతని వైపే తిరిగింది.

అబ్బులు లేచి, చేతులు కట్టుకుని, "ఆరేళ్లు టీచరుగారూ" అన్నాడు.

శేషారత్నం చటుక్కున గోడ వైపు తిరిగింది. అక్కడ లేని బోర్డు మీద గరిటెతో ఏదో రాస్తున్నట్టు చాలాసేపు అలాగే నిలబడింది. ఆవిడ ఇటు తిరిగేదాకా అందరూ ఓపిగ్గా ఆగారు.