పద్మ చెప్పిన జవాబు

"మొన్న కూడా చచ్చిపోదామనిపించిందండి. పాప లేచి ఏడ్చేసరికి ఆగిపోయా" అంది నాతోపాటు పనిచేసే నర్సు పద్మ. నా పెన్ను ఆగిపోయింది.

పత్తి దెబ్బతిన్న ఆ ఏడాది, అద్దంకి వైపు నర్సులందరికీ గుంటూరులో రైతు కుటుంబాల మానసిక ఆరోగ్య సర్వే చేయడం నేర్పారు. ఇద్దరిలో ఒకరు ప్రశ్నలడగాలి, మరొకరు రైతు భార్యగా నటించాలి. ఏ జవాబు విన్నా మొహంలో కనపడనీయకుండా రాసుకోమన్నారు శిక్షణ ఇచ్చిన డాక్టరుగారు. అలాగే రాసుకున్నాను.

"ఏం యాక్షనే తల్లీ" అంటూ అందరూ చప్పట్లు కొట్టారు. కానీ పద్మకిచ్చిన పాత్రకు పిల్లల్లేరు. పాప ఉన్నది పద్మకే.

తిరుగు బస్సులో అడిగాను. "నిజం చెప్పవే, అది నీ సంగతేనా?"

"నీకు సర్వే పిచ్చి పట్టిందే. ముందు టికెట్ తియ్యి" అని నవ్వేసింది.

తర్వాత ఆమెకు మార్టూరు బదిలీ అయింది. కనిపిస్తే పాప చదువు గురించి మాట్లాడుకుంటాం. ఆ రోజు నటించిందో, నిజమే చెప్పిందో నాకిప్పటికీ తెలియదు.