సోమ్లా పేరు మళ్లీ చదివించుకున్న తల్లి

మాది జనగామ. ఎనభైల మొదట్లో, డిగ్రీ అయ్యాక నాకొక పరిశోధనలో తాత్కాలిక ఉద్యోగం దొరికింది. పదేళ్ల కిందటి జనాభా లెక్కల్లోని పేర్లను కొత్త లెక్కలతో జతచేసి, జత కుదరనివాళ్ల గురించి ఇంటింటికీ వెళ్లి కనుక్కోవాలి.

కురవి దగ్గరి తండాలో మంగ్లి అనే నడివయసు ఆమెను, "మీ ఇంట్ల సోమ్లా అని ఆరేండ్ల పిలగాడు ఉండె గదా, ఇప్పుడు ఏడున్నడు?" అని అడిగాను. పక్కింటి హర్యా వచ్చి నా చేతిలోని కాగితాలు లాక్కున్నాడు.

"వాడు సచ్చిపోయి శానేండ్లాయె. సచ్చినోళ్ల పేర్లు నీకెందుకు? మా భూములు గుంజుకునేతందుకు వచ్చినవా?"

మరికొందరు మగవాళ్లు చుట్టుముట్టారు. నేను ఒంటరిదాన్ని.

మంగ్లి లేచి ఆ కాగితాలు తీసుకుని నా చేతిలో పెట్టింది.

"గా పేరు ఇంకోపాలి చదువు బిడ్డా. నా కొడుకు పోయినంక ఇంట్ల ఎవ్వలం వాని పేరు తియ్యలే."

చదివాను. ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"పేరు కొట్టెయ్యకు."

"కొట్టెయ్యనవ్వా. పోయిండని పక్కన రాస్త. పేరు అట్లనే ఉంటది."

హర్యా తలవంచుకుని నా దగ్గరికి వచ్చాడు. మెల్లగా, "అక్కా, మా నాయిన పేరు సుత ఉన్నదా?" అన్నాడు.

ఉంది. సాయంత్రం దాకా తండా అంతా నా చుట్టూ కూర్చుని ఎవరు పోయారో, ఎవరు పెళ్లయి వెళ్లారో, ఎవరు పనికోసం వలసపోయారో చెప్పింది. హర్యానే నన్ను మహబూబాబాద్ బస్సెక్కించాడు.

ఆ రోజు మంగ్లి లేవకపోతే నేను ఆ పని మానేసేదాన్ని. లెక్కల్లోని ప్రతి పేరూ ఒక తల్లి నోరారా పిలుచుకున్నదేనని నాకు నేర్పిన ఆమెకు ఈనాటికీ రుణపడి ఉన్నాను.