కడలి ఉప్పు కొలిచిన మా నంజుండన్న

మంగళవారం పొద్దున చింతామణి నుంచి ఫోను వచ్చింది, మా పెదనాన్న కొడుకు నంజుండప్ప కాలధర్మం చెందారని. ఎవరో కట్టుకథ అల్లారనుకున్నాను. అల్లడం నా వృత్తి గనుక. నిజమని తెలిశాక ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను. ఈ నాలుగు మాటలూ లేస్తూ, తిరుగుతూ రాస్తున్నాను.

సముద్రం ఆనవాలే లేని బట్లహళ్ళిలో పుట్టి, ఆ మహనీయుడు ఆజన్మాంతం సముద్రాన్నే ఉపాసించారు. కడలి జలం అతిక్షీణమైన మైక్రోవేవ్ తరంగాలను వెలువరిస్తుంది. ఉపగ్రహంలోని రేడియోమీటరు వాటిని అందుకుంటే, మబ్బు కమ్మినా నీటి వేడిమీ ఉప్పదనమూ లెక్కకట్టవచ్చు. ఆ విద్యలో అన్న నిష్ణాతులు. ఓడల్లో వెళ్ళి కొలిచినవారి అంకెలతో సరిచూడనిదే ఒక్క సంఖ్యనూ బయటపెట్టేవారు కాదు. "పైనుంచి చూసినోడు నీళ్ళలో దిగినోణ్ణి అడగాలప్పా" అనేవారు.

నేను ఊరుకుంటానా? అన్న సెలవుకు ఊరొచ్చినప్పుడు టీ అంగట్లో, "మా అన్న ఆకాశంలోంచి నాలుక చాపి బంగాళాఖాతం రుచి చూస్తాడు" అన్నాను. అందరూ నవ్వారు. "భూమిలో నీళ్ళు యాడుండేదీ చెప్తాడు" అన్నాను. ఎవరూ నవ్వలేదు. బోర్లు ఎండిన ఊళ్ళో అది నవ్వే మాట కాదు.

మరునాడే రైతు చౌడప్ప మమ్మల్ని చేనికి తీసుకుపోయాడు.

"బోరు యాడ ఏయమంటారు సార్?"

"నాది సముద్రం పైపొర పనప్పా. భూమిలో ఏముండాదో నాకేం తెలుసు?"

"తెలిసినోళ్ళు అట్లే అంటాంటారు లే."

ఎండకు ఓర్వలేక అన్న కానుగ నీడలో నిలబడ్డారు. చౌడప్ప నావైపు చూశాడు. నేను కన్ను గీటాను. అన్న నిలబడిన చోటే రాయి పాతాడు. తర్వాత బోరు వేయిస్తే దుమ్ము లేచింది.

ఆనాటి నుంచి చౌడప్ప అన్న ముఖం చూడలేదు. అన్న ఎవరి దగ్గరా నా పేరెత్తలేదు. ఒక్కసారి మాత్రం, "సీనా, నేను చెప్తే నీమీద చాడీ అయితాది. నువ్వే చెప్పాల" అన్నారు.

"చెప్తాలేన్నా" అన్నాను. కోతలు కానీ అనుకున్నాను. కోతలయ్యాక జాతర పోనీ అనుకున్నాను.

అంత్యక్రియలకు చౌడప్ప రాలేదు. అన్నను సాగనంపి, నేరుగా అతనింటికే పోయి జరిగిందంతా చెప్పాను. అతను సాంతం విని, "ఇదీ నీ కతేనా సీనప్పా?" అన్నాడు.

కాదని సాక్ష్యం చెప్పగలిగిన ఒకే ఒక్క సత్యసంధుడు ఇక లేరు. చౌడప్పా, అచ్చులో చూసైనా నమ్ము. ఆ పుణ్యాత్ముడికి నేనర్పించగల నివాళి ఇంతే.