బొటనవేలు మేస్త్రీ

మా ఆయన్ని అందరూ బొటనవేలు మేస్త్రీ అంటారు. కార్లు బాగుచేస్తాడు. ఇంజను ముందు తిరిగే బెల్టు ఎంత బిగించాలో చూసుకోవడానికి మిగతా షెడ్లలో ఏవేవో సాధనాలు ఉంటాయట. మా ఆయనకి కుడిచేతి బొటనవేలే సాధనం. బెల్టు నడిమధ్య దాంతో ఓసారి నొక్కుతాడు. అర అంగుళం లోపలికి దిగిందంటే "ఊఁ" అంటాడు. ఆ "ఊఁ" కోసం ఎక్కడెక్కడి బళ్ళో వస్తాయి. మనిషి మాత్రం నోట్లో నాలుక లేనివాడు. కాపురానికి వచ్చిన కొత్తలో రోజు మొత్తానికి నాతో నాలుగు మాటలాడితే అదే పండగ.

అలాంటి మనిషి నర్సమ్మతో నవ్వుతూ మాట్లాడటం నా కళ్ళారా చూశాను.

మా ఇల్లూ షెడ్డూ ఒకే గోడకి అటూ ఇటూ. ముందుగది కిటికీ పక్కన నా కుట్టుమిషన్ ఉంటుంది, కాలితో తొక్కేది. అక్కడ కూర్చుంటే షెడ్డంతా కనిపిస్తుంది. మిషన్ తోలుబెల్టు ఎప్పుడో సాగిపోయింది. మందపాటి గుడ్డ పెడితే కింద చక్రం తిరుగుతుంది, పైన సూది కదలదు. "ఏమండీ, ఊళ్ళోవాళ్ళ బెల్టులన్నీ చూస్తారు, నాది కూడా కాస్త చూడండి" అని ఎన్నిసార్లు చెవిన వేశానో లెక్కే లేదు. "చూస్తాలే" అనేవాడు. అంతే, ఆ సంగతి గాలికి వదిలేసేవాడు.

నర్సమ్మ ఇళ్ళకి వెళ్ళి రోగులకి కట్లు కట్టి, సూదులు వేసి వస్తుంది. ఆమెకో ముసలి కారు. మొదటిసారి వాటర్ పంపు పోయి వచ్చింది. ఇంజను వేడెక్కకుండా లోపల నీళ్ళు తిప్పే పంపు అది, బెల్టే దాన్ని తిప్పుతుంది. బేరింగు అరిగి, ఇరుసు ఊగి, నీళ్ళు కారుతున్నాయి. పాతబడింది, పోయింది, అందులో వింతేమీ లేదు. మా ఆయన కొత్త పంపు వేశాడు.

వింతంతా స్టూలు దగ్గర జరిగింది. ఎంతటివాడొచ్చినా మా షెడ్డులో గ్రీజు మరకల స్టూలే గతి. ఆమె కూర్చోబోతుంటే మా ఆయన "ఉండండుండండి" అని పరిగెత్తుకొచ్చి దాన్ని తుడిచాడు. దేంతో అనుకున్నారు? నా బుట్టలోంచి తీసిన కొత్త తెల్లగుడ్డతో! నాకు ఒళ్ళు మండిపోయింది. వెళ్తూ వెళ్తూ ఆమె కిటికీలోకి తొంగిచూసి, "అక్కా, మేస్త్రీగారి చెయ్యి చాలా మంచిదక్కా" అంది. అక్క అట! నాకంటే పెద్దదే అయ్యుంటుంది. చాల్లే సంబడం.

కొన్నాళ్ళు తిరక్కుండానే కారు మళ్ళీ వచ్చింది. అదే పంపు, అదే కారుడు. కొత్తది వేస్తే అదీ పోయింది. పంపు నాసిరకమని మా ఆయన వేరే కంపెనీది తెప్పించాడు. దానికీ అదే గతి పట్టింది. నీళ్ళలో తుప్పుందేమోనని రేడియేటరు విప్పి కడిగాడు, కూలెంటు మార్చాడు. పంపు కూర్చునే చోటు ఒంకరేమోనని స్కేలు ఆనించి చూశాడు. ఫ్యాను రెక్కలు వంగాయేమోనని ఒక్కొక్కటీ తడిమాడు. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. ఎదురుషెడ్డు మేస్త్రీ రోడ్డు మీద నిలబడి, "ఏం బావా, బొటనవేలికి మతిమరుపొచ్చిందా?" అని నలుగురిలో నవ్వాడు. మా ఆయన ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు.

ఆయన బాధ ఆ కారు ఎందుకు పోతోందని. నా బాధ ఎందుకు వస్తోందని. వచ్చినప్పుడల్లా స్టూలు తుడవడం, టీ తెప్పించడం, నవ్వులు. కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను, దాచడం ఎందుకు? పైగా మా ఆడపడుచొకతె! రవికె కుట్టించుకోవడానికి వచ్చి కిటికీలోంచి చూసి, "వదినా, ఆ కారు మీ ఇంటికి బాగా మరిగిందే" అంది.

"మరిగితే నీళ్ళు పోసి తరుముతాలే" అన్నాను. నవ్వుతూనే అన్నాను గాని, రవికె కొలత రెండుసార్లు తప్పు రాసుకున్నాను.

ఆ రోజే నిశ్చయించుకున్నాను. రోగమేమిటో నేనే కనిపెడతాను. ఆ కారు ఇక ఈ గుమ్మం తొక్కకూడదు.

తర్వాత కారు వచ్చినప్పుడు మిషన్ తొక్కడం ఆపేసి కిటికీకి అతుక్కుపోయాను. పంపు వేశాడు. బెల్టు తొడిగాడు. ఇప్పుడు బొటనవేలు వస్తుందని చూశాను. రాలేదు! పొడుగాటి ఇనపకడ్డీ తీశాడు. బెల్టు అవతలి కొసని తిరిగే డైనమో వెనక దూర్చి, మొహం ఎర్రబడేలా ఒళ్ళంతా బరువేసి దాన్ని పక్కకి నెట్టి, అలాగే పట్టుకుని బోల్టు బిగించాడు. వేలితో మీటితే ఆ బెల్టు ఖంగుమంది. బండి స్టార్టు చేస్తే ఇంజనులోంచి సన్నగా ఏడుపులాంటి మోత. ఇన్నేళ్ళలో మరే బండికీ ఆయన అలా చెయ్యగా నేను చూడలేదు.

నాకు మా అమ్మ మిషన్ గుర్తొచ్చింది. బెల్టు జారుతోందని అమ్మ ఓసారి తోలు మరీ పొట్టిగా కోసి వేసింది. కాలు ఆడక చచ్చాం. చివరికి చక్రం ఇరుసు ఒకవైపే అరిగిపోయింది. గభాలున లేచి షెడ్డు మూలకి వెళ్ళి, ఆ కారువి పారేసిన పంపులన్నీ బయటికి లాగాను. ఒక్కొక్కటీ ఊపి చూశాను. అన్నీ ఒకవైపే అరిగాయి, బెల్టు లాగే వైపు.

"ఏం చేస్తున్నావే అక్కడ?" అన్నాడు మా ఆయన. నర్సమ్మ స్టూలు మీదే ఉంది. ఉంటే ఉండనీ అనుకున్నాను.

"అందరి బళ్ళకీ బొటనవేలు, ఈ బండికి మాత్రం ఇనపకడ్డీనా? ఎందుకండీ?"

మా ఆయన పంపుల వంక చూశాడు, బెల్టు వంక చూశాడు. మొహంలో రంగు మారింది. పరువు పోయిన మొహమో, దొరికిపోయిన మొహమో అప్పుడు తెలియలేదు.

"మొదటిసారి పంపుకి వచ్చినప్పుడే బెల్టు కీచుమంటోందన్నారు" అని నీళ్ళు నమిలాడు. "రోగుల ఇళ్ళముందు అందరూ తిరిగి చూస్తున్నారట, సిగ్గేస్తోందన్నారు. అందుకని కాస్త..."

"నీళ్ళు పడి నున్నబడ్డ పాతబెల్టు కీచుమంటే, బెల్టు మారుస్తారు గాని ఉరి బిగిస్తారా?"

"ఒంటరిగా తిరిగే మనిషి. దారిలో జారి ఆగిపోతే ఎలాగని, వచ్చినప్పుడల్లా ఇంకాస్త బిగించాను."

నర్సమ్మ తల దించుకుంది. నేను అనుమానపడ్డంత లేదు. కాని నేను ఏడ్చినంత ఉంది. ఆమె సిగ్గుపడకూడదని, ఆమె దారిలో ఆగకూడదని ఈయన తన బొటనవేలినే మర్చిపోయాడు. నా బెల్టు సంగతి ఇన్నేళ్ళలో ఒక్కసారైనా గుర్తొచ్చిందా?

"కొత్త బెల్టు వెయ్యండి. వేలు పెట్టి చూడండి" అన్నాను.

వేశాడు. నొక్కాడు. అర అంగుళం దిగింది. ఇంజనులో ఏడుపు ఆగిపోయింది. "ఊఁ" అన్నాడు గాని నా వంక చూడలేదు.

ఆ కారు మళ్ళీ రాలేదు. ఎప్పుడైనా వీధిలో వెళ్తూ నర్సమ్మ చెయ్యి ఊపుతుంది. నేనూ ఊపుతాను, అదేం పోయింది!

కొన్నాళ్ళకి, పొద్దున్నే మిషన్ ముందు కూర్చుని తొక్కబోతే కాలు ఆడలేదు. వంగి చూశాను. కొత్త తోలుబెల్టు. వేలితో మీటితే ఖంగుమంది. మా ఆయన గుమ్మంలో నిలబడి మసిగుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు.

"బాగా బిగించాను. ఇక జారదు" అని, ఎవరో తరుముతున్నట్టు షెడ్డులోకి వెళ్ళిపోయాడు.

సాయంత్రం మా ఆడపడుచు వచ్చి, సరదాగా ఓసారి తొక్కి, "ఓర్నాయనో, ఇదేం బిగుతు వదినా! ఇరుసు అరిగిపోతుంది. అన్నయ్యకి చెప్పి వదులు చేయించు" అంటూ బెల్టు మీద చెయ్యి వేసింది.

ఆ చేతి మీద ఒక్కటిచ్చాను.

"ముట్టుకున్నావంటే ఊరుకోను. అరిగితే నా మిషన్ అరుగుతుంది, నొప్పెడితే నా కాళ్ళు నొప్పెడతాయి. మధ్యలో నీకెందుకు?"