జడలు నావే

డిగ్రీ ఆఖరి సంవత్సరంలో నాకు టైఫాయిడ్ వచ్చింది. అమ్మ జగిత్యాల హాస్టల్‌కు వచ్చి నన్ను కోరుట్లకు తీసుకుపోయింది. నెల పైగా మంచం దిగలేదు. నాన్న అప్పుడు దుబాయ్‌లో ఉన్నాడు. అమ్మ పొద్దంతా చాట ముందు పెట్టుకుని బీడీలు చుడుతూ, మధ్యమధ్య లేచి నాకు గంజి తాగించేది. నా తల దువ్వే తీరిక ఆమెకు లేదు, లేచి కూర్చునే ఓపిక నాకు లేదు. పుట్టుకతోనే నాది ఉంగరాల జుట్టు. జ్వరం తగ్గేసరికి మెడ వెనక అంతా అట్టకట్టి ముద్దయింది.

అమ్మ దువ్వెన పెట్టి లాగింది. కదల్లేదు. వేళ్లతో తడిమి చూసి చేయి తీసేసింది. సాయంత్రం పక్కింటి ముసలమ్మ వచ్చి చూసి, పసుపు తెమ్మంది.

"ఎల్లమ్మ అచ్చింది పిల్ల మీదికి. కత్తెర వెట్టకుండ్రి. తల్లి అడిగినట్టు ఇయ్యాలె," అంది.

అడిగినట్టు ఇవ్వడమంటే ఏమిటో మా ఇంట్లో అందరికీ తెలుసు. అమ్మ చెల్లెలు, అంటే మా చిన్నమ్మ, చిన్నప్పుడు ఇలాగే జడలు కడితే దేవతకిచ్చారు. దేవత పేరున మెడలో తాళి కట్టారు. ఇక ఆమెను ఎవరూ పెళ్లాడకూడదు, ఊళ్లో పెద్దమనుషులు ఎవరు రమ్మన్నా ఆమె కాదనకూడదు. చాలా ఏళ్లకు ఆ ఊరు విడిచి మా దగ్గరికి వచ్చింది. వెనక గదిలో ఉంటూ బీడీలు చుట్టుకుని బతికేది. నాకు తెలిసేనాటికి ఆమె తలమీద జడలు లేవు, మామూలు కొప్పే. ఏదో జబ్బు చేసి ఊడిపోయాయని అమ్మ చెప్పేది.

ముసలమ్మ మాట విని చిన్నమ్మ వెనక గదిలోంచి వచ్చింది. పసుపు గిన్నెను కాలితో పక్కకు నెట్టింది.

"నన్ను దేవత అన్నరు. గా దేవతను ఎట్ల సూసిండ్రో నాకెర్క. గీ పిల్ల తలను ఎవ్వలు ముట్టకుండ్రి."

నాన్న ఫోన్లో గొరిగించి పారెయ్యమన్నాడు. కత్తెర పెడితే ఇంటికి కీడని అమ్మ ఏడ్చింది. దేవతకు మొక్కు చెల్లించి అప్పుడు తీయిద్దామని ఎదురింటామె అంది. నా తల గురించి ఇల్లంతా మాట్లాడుతోంది కానీ నన్ను అడిగినవాళ్లు లేరు. విని విని నాకు విసుగొచ్చింది.

"నేను కోసుకోను, మొక్కుకోను. ఉంచుకుంట," అన్నాను.

"ఉంచుకుని ఏం జేస్తవే?" అంది అమ్మ.

"తలంత గిట్లనే కట్టనిస్త. కడుక్కుంట. మంచిగ సూసుకుంట."

"జనం ఏమంటరు?"

"ఏమంటరో అననీ."

పెద్ద ఆలోచన చేసి అన్న మాట కాదు. భయపడి మొక్కడం ఇష్టం లేదు, భయపడి కోసుకోవడమూ ఇష్టం లేదు. పైగా ఆ ముద్దను వేళ్ల మధ్య నలుపుతుంటే నాకు బాగుండేది. అది నా ఒంట్లోంచి వచ్చింది, నాకే సొంతం అనిపించేది.

జడలు పెంచడమంటే తల వదిలేయడమని అందరూ అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని మొదట్లో దురదతో, వాసనతో బాధపడ్డాను. తర్వాత ఒక్కొక్కటే తెలిసింది. కుంకుడుకాయ రసాన్ని పాతచీర గుడ్డలో రెండుసార్లు వడగట్టాలి. లేకపోతే పొట్టు జడలో ఇరుక్కుని ఎన్నాళ్లకూ రాదు. నూనె ముంచి పోస్తే దుమ్మంతా అంటుకుంటుంది, వేళ్ల కొసలతో కుదుళ్లకు మాత్రమే రాయాలి. తల కడిగిన రోజు ఎండలో కూర్చుని లోపలిదాకా ఆరనివ్వాలి. ఆరేలోపు కుదుళ్ల దగ్గర కలిసిపోతున్న పాయలను మెల్లగా విడదీయాలి. వాటికి తొందర లేదు. కొన్ని పాయలు నెలల తరబడి కొమ్ముల్లా నిక్కి నిలబడ్డాయి. కొన్ని విడిపోయి మళ్లీ మొదటికి వచ్చాయి. నేను అద్దంలో చూసుకుని కొన్నిసార్లు ఏడ్చాను, కానీ దువ్వెన పట్టలేదు. రెండో ఎండాకాలానికి అవి బరువెక్కి భుజాల మీద పడ్డాయి.

అప్పటికి తెలంగాణ ఉద్యమం ఊరూరా రాజుకుంది. జగిత్యాలలో రిలే దీక్షల టెంట్ దగ్గర పాటలు పాడే బృందంలో చేరాను. మా బృందాన్ని నడిపే అన్న తెలంగాణ వచ్చేదాకా గడ్డం తీయనని ఒట్టు పెట్టుకున్నాడు. ఊళ్లోకి వెళ్తే ఆ గడ్డాన్ని చూసి జనం చప్పట్లు కొట్టేవారు. నన్ను చూసి మాత్రం ముఖం తిప్పుకునేవారు. బస్సులో నా పక్క సీటు ఖాళీగానే ఉండేది.

ఒకరోజు అన్న నన్ను పక్కకు పిలిచాడు.

"చెల్లె, ఒక మాట చెప్త. నీ జడలు గూడ తెలంగాణ కోసమే పెంచుతున్న అని చెప్పు. ఎవ్వలు ఏమనరు. తెలంగాణ అచ్చిన్నాడు వేములవాడ గుడిల తీసేద్దువు."

"తెలంగాణ కోసం పాడుతున్న గద అన్నా. జడలు దేనికోసం గాదు. నా కోసమే."

"గట్ల చెప్తే మందికి అర్థం గాదు."

"నీ గడ్డం అర్థమైతది, నా జుట్టు అర్థం గాదా? కాకుంటే కాకపాయె."

ఆయన నొచ్చుకున్నాడు. తలకు కండువా కట్టుకుని పాడమన్నాడు. నేను కట్టుకోలేదు. నన్ను బృందంలోంచి తీసేస్తాడనుకున్నాను. తీయలేదు, కానీ కొన్నాళ్లు వెనక వరుసలో నిలబెట్టాడు. నేను వెనక నుంచే గొంతెత్తి పాడాను.

ఒకసారి సిరిసిల్లకు పోయాం. తెలంగాణ కోసం మరమగ్గాలన్నీ బందు పెట్టి నేత కార్మికులు రోడ్డు మీదే వండుకు తింటున్నారు. మగ్గాల మోతకు ఎప్పుడూ చెవులు పగిలే ఊళ్లో ఆ రోజు మా డప్పు ఒక్కటే వినిపించింది. ముందు పాడే అమ్మాయికి గొంతు పోవడంతో అన్న నన్ను ముందుకు రమ్మన్నాడు. పాట అయ్యి వేదిక దిగుతుంటే నలుగురైదుగురు ఆడవాళ్లు వచ్చి నా కాళ్ల మీద పడ్డారు. ఒకామె కొబ్బరికాయ తెచ్చింది. ఇంకొకామె చంటిపిల్లను నా జడలకు తాకించింది. అంతవరకు నన్ను అసహ్యించుకున్నవాళ్లనే చూశాను. ఇది నాకు ఇంకా కంపరంగా తోచింది. మళ్లీ పైకి ఎక్కి మైకు తీసుకున్నాను.

"అమ్మలార, నేను దేవతను గాను. కోరుట్లల బీడీలు చేసేటామె బిడ్డను. గీ జడలు ఏ దేవత ఇయ్యలే. నేనే పెంచుకున్న. నాకు దండం వెట్టకుండ్రి."

అన్న తల దించుకున్నాడు. కిందికి దిగి నడుస్తుంటే ఒకామె నా వెంట పడింది. గంభీరావుపేట నుంచి కూలి పనికి వచ్చిన మనిషి.

"అమ్మా, నా బిడ్డకు గూడ తల గిట్లనే కట్టింది. వచ్చే జాతరకు దేవతకియ్యాలె అంటున్నరు. నువ్వు దేవత గాదంటివి. మరి నా బిడ్డ?"

"నీ బిడ్డ గూడ గాదు అక్కా. నన్ను అమ్మా అనకు, చెల్లె అను."

మరుసటి వారం చిన్నమ్మను వెంటబెట్టుకుని గంభీరావుపేట పోయాను. ఆ పిల్ల నాలుగో తరగతి. కుడి చెవి వెనక పిడికెడంత ముద్ద, దాని మీద కుంకుమ పేరుకుపోయి ఉంది. ముందు పిల్లనే అడిగాను.

"నీకు ఉంచుకోవాల్నని ఉందా, తీసెయ్యాల్నని ఉందా?"

పిల్ల తల్లి వైపు చూసింది, తండ్రి వైపు చూసింది. "తియ్యి. బడిల ఎవ్వలు పక్కన కూసోనిస్తలేరు," అంది.

వాకిట్లో గోనెపట్టా పరిచి కూర్చున్నాం. కొబ్బరినూనె బాగా పట్టించి, దబ్బనం మొనతో ఒక్కొక్క వెంట్రుకనూ కొస నుంచి పైకి విప్పడం మొదలుపెట్టాం. జడలు పెంచి పెంచి అవి ఎలా అల్లుకుంటాయో నా చేతులకు తెలిసిపోయింది. చిన్నమ్మ పిల్లను ఒళ్లో పడుకోబెట్టుకుంది. చూడడానికి వాడకట్టంతా వచ్చింది. మధ్యాహ్నానికి ఊరి పెద్దమనిషి ఒకాయన వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"నీ తలమీద ఉంచుకుని, గీ పిల్లయి విప్పుతున్నవా? గిదేం న్యాయం?" అన్నాడు.

"నాయి నేను కావాల్నని పెంచుకున్న. గీ పిల్ల వద్దంటున్నది. గంతే ఫరక్."

"ఎల్లమ్మకు కోపమొస్తే ఎవలు పడాలె?"

అప్పుడు చిన్నమ్మ తలెత్తింది. ఆయన్ను నేరుగా చూస్తూ మాట్లాడింది.

"నా జడలు జబ్బొచ్చి ఊడినయి అని మా అక్క గూడ అనుకుంటది. అబద్ధం. నేనే కొడవలితోని కోసుకున్న. కోసి వాగుల పడేసి, తల్లికి ఎప్పుడు కోపమొస్తదో అని ఏండ్లకేండ్లు సూసిన. ఎల్లమ్మ ఏమనలే. అన్నదంత మీ అసుంటోల్లే."

నా చేతిలో దబ్బనం ఆగిపోయింది. ఇన్నేళ్లు ఒకే ఇంట్లో ఉండి ఆ సంగతి నాకు తెలియదు. పెద్దమనిషి పిల్ల తండ్రి వైపు తిరిగి, జాతరలో మీ ఇంటికి పాలు, అంటే వంతు, ఉండదన్నాడు. తండ్రి వచ్చి పిల్ల పక్కన నిలబడ్డాడు. "పాలు లేకుంటే లేకపాయె. నా బిడ్డ బడికి పోతది," అన్నాడు. పెద్దమనిషి వెళ్లిపోయాడు. పొద్దు వాలేలోపు ముద్ద పూర్తిగా విడిపోయింది. కొంత జుట్టు ఊడి చేతికొచ్చింది, మిగిలింది తల్లి దువ్వి రెండు జడలు వేసింది. పిల్ల లేచి తల అటూ ఇటూ ఊపి చూసుకుంది.

తిరుగు బస్సులో చిన్నమ్మ నా భుజానికి తల ఆనించి నిద్రపోయింది. కొడవలి సంగతి ఇంటికొచ్చాక అమ్మకు తనే చెప్పింది. అమ్మ ఆ పూట బీడీలు చుట్టలేదు. ఇద్దరూ వెనక గదిలో తలుపేసుకుని కూర్చున్నారు. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

తెలంగాణ వచ్చింది. జగిత్యాల రోడ్ల మీద రంగులు చల్లుకుని ఆడాం. అన్న గడ్డం తీసేసి నున్నటి ముఖంతో వస్తే ఎవరూ గుర్తుపట్టలేదు. నన్ను చూసి నవ్వి, "నువ్వు గట్లనే ఉంటవు తియ్," అన్నాడు.

తర్వాత టీచరు ఉద్యోగం కోసం జగిత్యాలలో ఒక ప్రైవేటు బడికి పోయాను. పాఠం చెప్పించుకుని బాగుందన్నారు, తల బాగు చేయించుకుని రమ్మన్నారు. ఇదే నా తల బాగుండడం అని చెప్పి వచ్చేశాను. ఇంకో రెండు చోట్ల అదే మాట విని, అదే జవాబు చెప్పాను. పెగడపల్లి దగ్గరి ఒక చిన్న బడిలో మాత్రం హెడ్మాస్టరు నా తలవైపు ఒకసారి చూసి, లెక్కలు చెప్పగలవా అని అడిగాడు. చెప్తానన్నాను.

మొదటి రోజు మూడో తరగతిలో అడుగుపెడితే పిల్లలు నోళ్లు తెరిచి చూశారు. ముందు బెంచీ పిల్ల ఒకతి, "మేడం, గవి అసలుయేనా?" అంది. కుర్చీలో కూర్చుని రమ్మన్నాను. ఒకరి తర్వాత ఒకరు వచ్చి ముట్టుకున్నారు. ఒకడు వాసన కూడా చూశాడు. తర్వాత అందరూ వెళ్లి కూర్చున్నారు, రెండో ఎక్కం మొదలుపెట్టాం.