రెండో వైపు చూడమన్న చెయ్యి

దయ్యాలంటే నాకు భయం లేదనడం కంటే, వాటి మీద నాకు మర్యాద లేదనడం నిజం. నాగోల్‌లో మేముంటున్న ఫ్లాట్‌లో అంతకుముందు ఒకాయన పోయాడని ఎవరూ కిరాయికి దిగకపోతే, బేరమాడి మరీ మేం దిగాం. ఇప్పటికీ అందులోనే ఉన్నాం. అక్కడ నన్ను పరేషాన్ చేసినవి దోమలే.

కాబట్టి దయ్యం కథ కోసం చూసేవాళ్లకు ఇందులో దొరికేదేం లేదు. మా బావ తలకు దెబ్బ తగిలి ఐసీయూలో ఉన్నప్పుడు నాకు జరిగిన ఒక సంగతి ఇది. జరిగింది జరిగినట్టు చెబుతాను. నమ్మమని ఎవర్నీ బతిమాలను.

బావ అంటే మా అక్క భర్త, సత్తయ్య. మాది నల్లగొండ దగ్గర ఊరు. బావా నేనూ పండ్ల మార్కెట్లో బత్తాయి వ్యాపారం చేస్తాం. దిల్‌సుఖ్‌నగర్ పక్కన కొత్తపేటలో మార్కెట్ ఉన్నప్పటి నుంచీ కలిసే కొన్నాం. అది బాటసింగారానికి మారాక కూడా కలిసే కొన్నాం. నోరు నాది, చూపు ఆయనది. రోజంతా ఆయన మాట్లాడే మాటలు నేను ఒక్క చాయ్ తాగేలోపు మాట్లాడేస్తాను.

వెనకటికి మార్కెట్లో బేరం తువ్వాల కింద జరిగేది. అమ్మేవాడూ కొనేవాడూ తువ్వాల కింద చేతులు కలిపి, వేళ్లు పట్టుకుని ధర చెప్పుకునేవారు. చుట్టూ నిలబడ్డవాళ్లకు ఏమీ తెలిసేది కాదు. ఇప్పుడు అందరి ముందూ పైకి వేలం పాట పాడుతున్నారు గానీ, మా ఇద్దరికీ ఆ అలవాటు పోలేదు.

అందులో ఒక గుర్తు మా సొంతం. బత్తాయి కుప్ప పోసేటప్పుడు కొందరు ముందు వైపు మంచి కాయ పేర్చి, వెనక వైపు నాసి కాయ సర్దుతారు. బావ ముందే వెళ్లి కుప్ప చుట్టూ తిరిగొచ్చేవాడు. వెనక మోసం ఉంటే నా పక్కన నిలబడి, తువ్వాల కింద నా చిటికెన వేలు పట్టుకుని బయటి వైపుకు రెండుసార్లు మెల్లగా తిప్పేవాడు. రెండో వైపు చూడమని దానర్థం. ఈ సంగతి మా అక్కకు కూడా తెలియదు. పదిమందికి తెలిసిపోతే ఇక ఆ గుర్తు ఎందుకు?

ఒకరోజు పొద్దున బావ ఒక్కడే మార్కెట్ నుంచి ఇంటికి వస్తుంటే హయత్‌నగర్ దాటాక బండికి కుక్క అడ్డమొచ్చింది. హెల్మెట్ ఉంది. అందరిలాగే ఆయన కూడా దాన్ని హ్యాండిల్‌కు తగిలించుకున్నాడు. ఎడమ వైపు తల డివైడర్‌కు కొట్టుకుంది. నేను ఎల్‌బీ నగర్‌లో ఆసుపత్రికి చేరేసరికి ఆయనకు స్పృహ లేదు. గిల్లితే ఎడమ చెయ్యి వెనక్కి తీసుకుంటున్నాడు, కుడి చెయ్యి తీసుకోవడం లేదని డాక్టర్లు అనుకుంటుంటే విన్నాను.

ఆ రోజే ఆపరేషన్ చేశారు. లోపల రక్తం గడ్డ తీశారు. మెదడు బాగా వాచిందని ఎడమ వైపు పుర్రె ఎముక ముక్క ఒకటి తీసి, దానికి చోటిచ్చారు. తీసిన ఎముకను పొట్ట చర్మం కింద పెట్టి కుట్టారు. తర్వాత మళ్లీ తలకు పెట్టేదాకా అక్కడైతే చెడిపోదట. అది విని అక్క ఏడుస్తూనే, "తలకాయల బొక్క కడుపుల పెట్టుడేందిరా" అంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

మర్నాడు సాయంత్రం చూడనిచ్చే వేళకు అక్క నన్నే పొమ్మంది. నేను లోపలికి వెళ్లాను. నోట్లో గొట్టం, తల చుట్టూ కట్టు. ఎడమ పక్కంతా మిషన్లే. అందుకని కుడి పక్కన నిలబడ్డాను. మీద కప్పిన ఆకుపచ్చ గుడ్డ కిందికి చెయ్యి పోనిచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది.

అప్పుడు నా చిటికెన వేలు తిరిగింది.

బయటి వైపుకు, మెల్లగా. ఒకసారి తిరిగి ఆగింది, మళ్లీ తిరిగింది. నేను గుడ్డ ఎత్తి చూశాను. ఆయన వేళ్లు నా వేలి చుట్టూ వదులుగా ఉన్నాయి. ముఖంలో ఏ మార్పూ లేదు. మార్కెట్లో వేలసార్లు నా వేలు అలా తిరిగింది. ఆ పట్టు ఎవరిదో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు.

డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. చిన్న వయసు, మాటను బట్టి గోదావరి వైపు మనిషి. బావ చెయ్యి కదిలిందని చెప్పాను. ఆమె విసుక్కోలేదు.

"కదలదండీ. మత్తుతో పాటు కండరాలు కదలకుండా కూడా మందు వెళ్తోంది. మీరు చాలా అలిసిపోయినట్టున్నారు, కాసేపు బయట కూర్చోండి."

"కూసుంట మేడం. జర ఒక్కసారి రెండో దిక్కు చూడుండ్రి. మళ్ల అడగ."

రెండో వైపు అంటే ఏమిటని అడిగింది. నాకేం తెలుసు? బత్తాయి కుప్ప అయితే చెప్పగలను. ఆపరేషన్ ఎడమ పక్క అయింది కదా, కుడి పక్క చూడండి అన్నాను. నన్ను పంపించేయడానికే కావచ్చు, లేచి వచ్చింది. మందు ఎక్కించే మిషన్ చూసింది, అది నడుస్తూనే ఉంది. ఎడమ రెప్ప ఎత్తి లైటు వేసింది. కుడి రెప్ప ఎత్తింది. మళ్లీ ఎడమ, మళ్లీ కుడి. కుడి కంటిపాప పెద్దదైంది. ఇంతకుముందు చూసినప్పుడు రెండూ సమానంగా ఉన్నాయని నర్సు చెప్పింది. వెంటనే డాక్టరమ్మ ఫోన్ అందుకుంది.

ఆ స్థితిలో ఆయన్ను స్కానింగ్‌కు కదిలించడమే ప్రమాదమన్నారు. అయినా తీసుకెళ్లారు. ఆపరేషన్ చేసిన పెద్ద డాక్టరు బయటికొచ్చి అక్కను కూర్చోబెట్టి చెప్పాడు. కుడి వైపు పుర్రెలో సన్నటి పగులు ఒకటి ముందు నుంచే ఉందట. ఎడమ వైపు ఒత్తిడి తగ్గేసరికి, అంతదాకా ఆ ఒత్తిడికి అణిగి ఉన్న రక్తనాళం కుడి వైపు వదులై కారింది. అరుదుగా జరుగుతుంది, జరిగితే చాలామంది దక్కరు. వెంటనే మళ్లీ తల తెరవాలి.

అక్క కళ్లు తుడుచుకుని, "తీస్కపోండ్రి సార్. నేనీడనే ఉంట" అంది.

బావ బతికాడు. ఆ మాట ఇంత తేలిగ్గా రాస్తున్నాను గానీ, నోట్లోంచి గొంతుకు మార్చిన గొట్టం తీసేదాకా మాకు తిండి సయించలేదు. తర్వాత పొట్టలో ఎముక తీసి తలకు పెట్టారు. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తాడు. మాటలు కొన్నే వచ్చాయి. మునుపు మాట్లాడినవీ కొన్నే కాబట్టి నాకు పెద్ద తేడా తెలియదని ఆటపట్టిస్తుంటాను. ఎడమ చేత్తో తింటాడు. కుడి చెయ్యి మాత్రం రాలేదు.

ఒకసారి చూపించుకోవడానికి వెళ్లినప్పుడు, బావను బయట కూర్చోబెట్టి పెద్ద డాక్టరుకు సంగతంతా చెప్పాను. ఆయన నవ్వలేదు. మొదటి రోజు స్కాన్ తీసి చూపించాడు. కుడి చేతిని కదిలించే మెదడు భాగం దెబ్బ తగిలినప్పుడే పోయిందట. మందు ఆపినా ఆ చెయ్యి కదిలేది కాదు.

"ఆ సమయంలో మీ మనసు ఏం చేసిందో నేను చెప్పలేను. ఆ చెయ్యి కదల్లేదని మాత్రం చెప్పగలను" అన్నాడు.

అది నా మనసే అనుకుందామని చాలాసార్లు చూశాను. భయంలో మనిషికి లేనివి తోస్తాయి, నిజమే. కానీ నాకు స్కాన్ తెలియదు, కుడి వైపు పగులు తెలియదు, కంటిపాపలు తెలియవు. నేను కోరుకున్నది బావ కళ్లు తెరవాలనే గానీ, రెండో వైపు చూడాలని కాదు.

బావనే అడుగుదామని ఆయన ఎడమ చేతిలో నా వేలు పెట్టి, ఈ గుర్తు యాదికుందా అన్నాను. నా ముఖంలోకి చూసి, లేదని తలూపాడు. ప్రమాదంలో అదీ పోయింది. నాకు దుఃఖం ఆగలేదు. ఆ సాయంత్రం నా వేలు ఎవరు తిప్పారో నేనిప్పటికీ చెప్పలేను.

అక్కకు కూడా చెప్పాను. ఆమెకు నాకున్నన్ని అనుమానాలు లేవు. ఎట్ల తిప్పిండో చూపెట్టమంది. ఆమె చిటికెన వేలు పట్టుకుని చూపించాను.

రోజూ పొద్దున అక్క ఆయన కుడి చేతికి నూనె రాస్తుంది. రాయడం అయ్యాక లేవదు. తన చిటికెన వేలు ఆయన గుప్పిట్లో పెట్టి, పైన కొంగు కప్పి, కాసేపు అలాగే కూర్చుంటుంది. ఏమైనా తెలిసిందా అని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.